తోటలో చెప్పిన సగం పాఠం

శ్రావణ మాసంలో ఒక శనివారం ఉదయం, వజ్రపుకొత్తూరు దగ్గర ఒక పల్లెలో, నిరంజన్ తోట ముందు పసుపుపచ్చ బస్సు ఆగింది. పలాసలో ఒక ప్రైవేటు బడికి చెందిన పిల్లలు నలభై మంది బిలబిలమంటూ దిగారు. వరి ఎలా నాటుతారో చూసి, తామూ నాలుగు మొక్కలు నాటి, సాయంత్రానికి తిరిగి వెళ్లాలని వాళ్ల ఏర్పాటు.

నిరంజన్‌ది ఎకరన్నర భూమి. మెరకలో కొబ్బరి, జీడి, పల్లంలో చిన్న వరి మడి. తిత్లీ తుపాను పెద్ద చెట్లన్నింటినీ ఒక్క రాత్రిలో పడగొట్టేసింది. మళ్లీ నాటినవి ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి గానీ, రాబడి ఇంకా అంతంతమాత్రమే. అలాంటి సమయంలో ఆ బడి టీచరు లక్ష్మీకుమారి వచ్చి, ఏడాదికి నాలుగుసార్లు, నాట్లకీ కోతలకీ జీడి పూతకీ జీడి పళ్లకీ, పిల్లల్ని తీసుకొస్తానంది. దానికి ‘తోటలో పాఠం’ అని పేరు కూడా పెట్టింది. బడి ఇచ్చే డబ్బు ఇంటికొక ఆసరా. అంతకంటే, రైతు దగ్గర నేర్చుకోవలసింది ఉందని ఒక చదువుకున్న మనిషి అనడమే నిరంజన్‌కు గొప్పగా అనిపించింది.

నిజానికి పాఠం చెప్పింది అతని కూతురు పావని. ఊరి బడిలో ఆరో తరగతి చదువుతోంది. పరికిణీ ఎగదోపుకొని మడిలోకి దిగి, తనకంటే పొడుగున్న పిల్లలకు కూడా జంకకుండా నేర్పింది.

“అలాగ గుప్పిడితో పట్టీసుకోకండి. రెండు మూడు మొక్కలే తియ్యాల. సేతి యేళ్లతోటి ఇలాగ గుచ్చాల. లోతుకి గుచ్చితే కుళ్లిపోద్ది.”

పిల్లలు బురదలో పడి నవ్వారు, పావనీ నవ్వింది. ఎండెక్కేసరికి అందరికీ దాహం వేసింది. నిరంజన్ తల్లి కామాక్షమ్మ అప్పటికే తోమిన స్టీలు బిందె నిండా వీధి కుళాయి నీళ్లు పట్టి, గ్లాసులు బోర్లించి అరుగు మీద పెట్టింది.

“పిల్లలూ, ఎవరి బాటిల్లో నీళ్లు వాళ్లే తాగండి. ఇక్కడి నీళ్లు ఎవరూ ముట్టుకోవద్దు” అంది లక్ష్మీకుమారి.

“కొబ్బరి బొండాలు తాగొచ్చా మేడమ్?” అన్నాడొక కుర్రవాడు.

“అవి కూడా వద్దు. అందులోవీ ఈ నేల నీళ్లే కదా.”

కామాక్షమ్మ బిందె లోపలికి తీసుకుపోయింది.

చదివేవారు ఆ టీచరు మీద కోపం తెచ్చుకోవద్దు. నలభై మంది తల్లిదండ్రులు ఆ షరతు మీదే సంతకాలు పెట్టారు. ఈ ఉద్దానం ప్రాంతం పేరు చెప్పగానే కిడ్నీ జబ్బు గుర్తొచ్చే రోజులివి. ఈ ఊళ్లకు చుట్టాలు కూడా సంచిలో సీసా పెట్టుకొని వస్తారు. ఆమె స్థానంలో ఉంటే మీరూ నేనూ అదే చేసేవాళ్లం.

తప్పు జరిగింది ఆ తరువాత. అరుగు గోడ మీద దండ వేసిన ఫొటో చూసి ఒక పిల్ల పావనిని అడిగింది, “మీ తాతయ్య ఈ నీళ్లు తాగే చనిపోయాడా?” అని. పావని తండ్రి వైపు చూసింది.

నిరంజన్‌కు జవాబు తెలుసు. తన తండ్రి పెంటయ్యను రెండేళ్లపాటు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తిప్పినవాడు. ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇంకా తేలలేదని, ఎండలో పనిచేసేవాళ్లు వేళకు మంచినీళ్లు తాగాలని, నొప్పి బిళ్లలు మింగొద్దని డాక్టర్లు ఎన్నిసార్లు చెప్పారో అతనికి గుర్తే. అదే చెప్పి ఉండొచ్చు. కానీ నలభై జతల కళ్లు తనవైపు తిరిగేసరికి, పిల్లల్ని తోట మూలనున్న పాత బావి దగ్గరికి తీసుకెళ్లాడు.

“ఇదిగో, ఈ బాయే. మా నాన్న అరవై యేళ్లు ఈ నీళ్లే తాగేడు. ఈ నీళ్లే ఆయన్ని తినీసినాయి.”

పిల్లలు బావి గట్టు నుంచి వెనక్కి జరిగారు. లక్ష్మీకుమారి కళ్లు తుడుచుకుంది. వెళ్లేటప్పుడు, “నిరంజన్ గారూ, వచ్చేసారి కూడా ఈ మాటలు తప్పకుండా చెప్పండి. పిల్లలకు మంచి అవగాహన” అంది.

దాంతో ఆ బావి కూడా పాఠంలో చేరిపోయింది. వరి కోతలప్పుడు వచ్చినవాళ్లకు తండ్రి చేతికి గుచ్చిన సూదుల గురించి చెప్పాడు. మాఘంలో జీడి పూతకు వచ్చినవాళ్లకు, ఆఖరి రోజు పెంటయ్య ఏం మాట్లాడాడో కూడా చెప్పాడు. అతను నటించాడని అనుకోకండి. ఆ దుఃఖం నిజమే. దాన్ని ఊళ్లో చెప్పుకోవడానికి మనిషి దొరకలేదు. ఏ ఇంటికి వెళ్లినా వాళ్లకూ ఒక పెంటయ్య ఉన్నాడు. వినేవాళ్లు దొరికేసరికి మాట ఆగలేదు. పట్నం పిల్లలకు చెబుతున్నాననుకున్నాడు గానీ, ప్రతిసారీ వాళ్లలో కలిసి తన కూతురు కూడా వింటోందని అతనికి తోచలేదు.

మార్పు మెల్లగా వచ్చింది. కంచం పక్కన పెట్టిన గ్లాసు పెట్టినట్టే ఉండిపోయేది. బడికి తీసుకెళ్లిన సీసా నిండుగా ఇంటికి వచ్చేది. పావని తల్లి సంధ్య రెండు మూడుసార్లు అడిగింది.

“నీళ్లు తాగవేటే?”

“దాహం నేదమ్మా.”

“పోనీ మజ్జిగయినా తాగు.”

“మజ్జిగలో కూడా నీళ్లే కదా.”

సంధ్య నవ్వి ఊరుకుంది. పిల్ల పెంకితనం అనుకుంది. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. ఎందుకంటే కామాక్షమ్మ కూడా భర్త పోయిన దగ్గర్నుంచి పొద్దుటికి ఒక గ్లాసు, రాత్రికి ఒక గ్లాసు తప్ప తాగదు. ఎంత తక్కువ తాగితే అంత తక్కువ చేటని ఆ వీధిలో చాలామంది లోలోపల నమ్ముతారు. వీధి కుళాయికి శుద్ధి చేసిన నీళ్లు వస్తున్నా ఆ నమ్మకం పోలేదు.

చైత్రం వచ్చింది. జీడి పళ్లు రాలే కాలం. రాలినవి రాలినట్టే ఏరి, పిక్క మెలిపెట్టి తీసి, ఎండబెట్టాలి. ఇంటిల్లిపాదీ వంగిన నడుము ఎత్తకుండా పనిచేస్తేనే అవుతుంది. ఒంటిపూట బడులు కావడంతో పావని తెల్లవారకముందు కాసేపు, మధ్యాహ్నం బడి నుంచి వచ్చాక పొద్దుగూకేదాకా ఏరేది. కాళ్లు పీకుతున్నాయనీ తలనొప్పనీ ఒక సాయంత్రం మూలిగింది. కామాక్షమ్మకు మనవరాలంటే ప్రాణం. తాను నడుము నొప్పికి మింగే బిళ్ల కొంగు ముడి విప్పి తీసి ఇచ్చింది.

“ఇది మింగీసి పడుకో. పొద్దుటికి తగ్గిపోద్ది.”

తగ్గింది. మర్నాడు మళ్లీ నొప్పి వచ్చింది, నాయనమ్మ మళ్లీ బిళ్ల ఇచ్చింది. అలా నాలుగు రోజులు.

అయిదో రోజు పట్నం పిల్లలు వచ్చారు. జీడి పాఠం పావనికి బాగా ఇష్టమైనది. వారం నుంచీ ఎదురుచూస్తోంది. మొహం ఉబ్బినట్టుందని సంధ్య అంటే, నిద్ర చాలలేదని చెప్పి తప్పించుకుంది. చెట్టు కింద నిలబడి, ఎర్రటి పండొకటి పైకెత్తి చూపించింది.

“అన్ని పళ్లకీ పిక్క లోపలుంటాది. దీనికి బయటుంటాది. పిక్క తోలు కొరకకండి, నోరు కాలిపోద్ది. రసం బట్టలకి...”

మాట పూర్తి కాలేదు. చెట్టు మొదలు పట్టుకొని కూలబడి, వాంతి చేసుకొని, పక్కకు ఒరిగిపోయింది. పిల్లలు కేకలు పెట్టారు. లక్ష్మీకుమారి పరుగెత్తుకొచ్చి పావని తల ఒళ్లో పెట్టుకుని, తన సీసా మూత తీసి పెదవుల దగ్గర పెట్టింది.

పావని మూసిన నోరు తెరవలేదు. కాసేపటికి కళ్లు సగం తెరిచి అడిగింది.

“ఈ నీళ్లు ఎక్కడియి మేడమ్?”

“పలాసవమ్మా. మా ఇంట్లోవి. తాగు తల్లీ.”

అప్పుడు తాగింది. రెండు చేతులతో సీసా పట్టుకొని గటగటా తాగింది. ఆ పిల్ల అలా తాగడం సంధ్య చూసి ఎన్ని నెలలయిందో. తాగినదంతా మళ్లీ వాంతి అయిపోయింది.

పిల్లల్ని తోటలోనే ఇంకో టీచరుకు అప్పగించి, ఆ బస్సులోనే పావనిని పలాస ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టర్ జగదీశ్వరరావు నిరంజన్‌ను చూడగానే గుర్తుపట్టాడు. పెంటయ్యకు వైద్యం చేసింది ఆయనే. పరీక్షల కాగితాలు రెండుసార్లు చూసి, సంధ్యను అడిగాడు.

“పాప ఒంటేలుకి వెళ్లి ఎంతసేపయింది?”

“నిన్న పొద్దుట ఎల్లిందేమో బాబూ. సరిగ్గా తెల్దు.”

“మందులేమైనా వాడారా?”

కామాక్షమ్మ ఇచ్చిన బిళ్లల సంగతి సంధ్య చెప్పింది. డాక్టర్ మంచం మీదికి వంగాడు.

“ఎండలో పనిచేస్తూ నీళ్లెందుకు తాగలేదమ్మా?”

పావని పక్కనే నిలబడ్డ తండ్రి వైపు చూసింది. ఆ చూపులో నిష్ఠూరం లేదు. అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పింది.

“నీళ్లే మా తాతని తినీసినాయంట కదండీ. మా నాన్న సెప్పేడు.”

డాక్టర్ నిరంజన్‌ను బయటికి తీసుకొచ్చాడు. గొంతు పెంచలేదు గానీ కోపం దాచుకోలేదు.

“నిరంజన్, మీ నాన్నకి ఆ జబ్బు ఎందుకొచ్చిందో ఇరవై ఏళ్లుగా ఇలాంటి రోగుల్నే చూస్తున్న నేనే ఖాయంగా చెప్పలేను. నువ్వెలా చెప్పావు? బావి నీళ్లు వద్దనడం సరే. మరి కుళాయి నీళ్లు తాగమని, ఎండలో ఇన్నిసార్లు తాగాలని, నొప్పి బిళ్ల మింగకూడదని చెప్పావా? అవన్నీ నీకు నేను చెప్పినవే కదా!”

“సెప్పనేదు బాబూ.” అన్నాడు నిరంజన్. “అయి సెప్తే ఎవలింటారు? ఇని ఏడవడానికి అందులో ఏటుంది?”

మూడుసార్లు డయాలసిస్ చేశారు. పదకొండేళ్ల పిల్ల చేతికి ఆ సూదులు గుచ్చుతుంటే కామాక్షమ్మ చూడలేక, వరండాలో కూర్చొని తన చేతినే కొట్టుకుంటూ ఏడ్చింది. పదో రోజుకు ప్రాణానికి భయం లేదన్నారు. కిడ్నీలు మాత్రం పూర్తిగా కోలుకోలేదు. కోలుకుంటాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. నెల నెలా పరీక్ష చేయించాలి. ఎండలో పని ఇక కుదరదు. ఎంతకాలం అని సంధ్య అడిగితే, డాక్టర్ తల దించుకొని కాగితం మీద మందుల పేర్లు రాయడం మొదలుపెట్టాడు.

ఆ మధ్యాహ్నం లక్ష్మీకుమారి చూడటానికి వచ్చింది. వరండాలో నిరంజన్ పక్కన కూర్చుంది.

“నేను కూడా పాపిష్టిదాన్నే. ఆ బావి కథ చెప్పమని మిమ్మల్ని ఎగదోసింది నేనే. మా పిల్లలు విని, సీసాల్లో నీళ్లు తాగుతూ ఇంటికి వెళ్లిపోయారు. ఇక్కడే ఉండేది మీ పిల్లే కదా. ఆ సంగతి నాకు తట్టనే లేదు.”

ఆమె వెళ్లాక నిరంజన్ లోపలికి వెళ్లాడు. రోజుకు ఎన్ని గ్లాసులు తాగాలో డాక్టర్ లెక్క రాసిచ్చాడు. పావని చేతిలో గ్లాసు ఉంది గానీ నోటిదాకా వెళ్లడం లేదు.

“తాగమ్మా. ఇయి మంచి నీళ్లు. మన ఈధి కుళాయి నీళ్లు కూడా మంచియే. తాగకపోతేనే సేటు.”

“నిజంగానా నాన్నా? మరి నువ్వు అప్పుడు సెప్పిందంతా అబద్ధమా?”

“అబద్ధం కాదమ్మా. ఆ బాయి నీళ్లు తాగకూడదు. గానీ మంచి నీళ్లు మట్టుకు దాహానికి ముందే తాగాల, బిళ్లలు మింగకూడదు. అయన్నీ నాకు డాక్టరు బాబు ముందే సెప్పేడు.”

పావని గ్లాసు దించి మంచం అంచున పెట్టింది.

“మరయితే ఆ మాట కూడా అప్పుడే ఎందుకు సెప్పనేదు నాన్నా?”

నిరంజన్ గ్లాసు తీసి మళ్లీ పిల్ల చేతికిచ్చాడు. పిల్ల కళ్లు గట్టిగా మూసుకొని, చేదు మందు మింగినట్టు ఆ నీళ్లు తాగింది. భయం ఇంకా పోలేదు. అంత తొందరగా పోయేది కాదది.

ఆ పిల్ల అడిగిన ప్రశ్న నిరంజన్ ఒక్కడికే కాదు, పిల్లలకు ఏదో ఒకటి నేర్పుతున్నామనుకునే మనందరికీ. దేనికి భయపడాలో చెప్పిన నోటితోనే ఎలా బతకాలో కూడా చెప్పాలి. అది చెప్పకుండా భయాన్ని ఒక్కదాన్నే పిల్లల చేతికిచ్చేవాడు, కన్నతండ్రైనా సరే, వాళ్లకు కీడే చేస్తున్నాడు.