శేషం ఎక్కడికి పోయింది

రేకుల మేస్త్రికి బామ్మర్ది అంటే ప్రాణం, బామ్మర్ది లెక్కలంటే ప్రాణసంకటం. విమానాలు బాగుచేసే షెడ్డులో తన కిందే పనికి పెట్టుకున్నాడు. చెయ్యి మంచిదే, బుర్రకే బద్ధకం. లైసెన్సు పరీక్ష నెత్తి మీదికొచ్చిందని ఆ పొద్దున టీ తాగుతూ భాగహారం మొదలుపెట్టించాడు.

దేన్ని పంచుతామో అది విభాజ్యం, దేనితో పంచుతామో అది విభాజకం, వచ్చిన జవాబు భాగఫలం, మిగిలింది శేషం. బామ్మర్ది గడగడా అప్పజెప్పాడు. మేస్త్రికి ముచ్చటేసి, పనిలోంచి ఒక ఉదాహరణ చెప్పమన్నాడు. అతను నిన్నటి అతుకే చెప్పాడు. రెక్క మీద వేసిన రేకు పొడవు యాభై సెంటీమీటర్లు, దాన్ని బిగించడానికి నాలుగేసి సెంటీమీటర్లకో రివెట్టు. పన్నెండు ఖాళీలు, పదమూడు రివెట్లు.

"మరి శేషం?"

"రెండు."

"ఆ రెండూ ఏం చేశావురా?"

"ఏం చేస్తాం బావా, మిగిలిందేగా. చివర వదిలేశా."

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ రెండింటినీ సగం చేసి, అటొకటి ఇటొకటి అంచులకు వదలాలి. ఈ మహానుభావుడు మొదటి రివెట్టును అంచుకు ఆనించి దిగ్గొట్టాడన్నమాట. అలా కొడితే రేకు అంచు చిరుగుతుంది. చిరుగులో గాలి దూరితే అతుకు మొత్తం లేస్తుంది.

తిట్టడానికి నోరు రాలేదు. తను మాత్రం చేసిందేమిటి? రంగు ఆరాక వెళ్లి, వేలితో తడిమి రివెట్లు లెక్కపెట్టి, పదమూడూ ఉన్నాయని సంతకం గీకేశాడు. అంచు చూడలేదు. ఇంటి మనిషి పనే కదా అనుకున్నాడు.

బాగుచేసిన విమానాన్ని మొదటిసారి ఎగరేసి చూసే పైలట్ అతని భార్యే, బామ్మర్దికి సొంత అక్క. షెడ్డు బయట విమానం నిలిపే చోటు ఖాళీగా ఉంది.

మేస్త్రి పరుగున వెళ్లి రేడియో అందుకున్నాడు. విమానాన్ని వెంటనే కిందికి దించెయ్యమని భార్యకు చెప్పాడు. ఎందుకని ఆమె అడగలేదు.

"నేనే పిలుద్దామనుకుంటున్నానండీ. కుడి రెక్క మీద ఏదో టపటపా కొట్టుకుంటోంది."

మేస్త్రి వేగం తగ్గించి మెల్లగా వెనక్కి తిప్పుకోమన్నాడు. ఆమె అలాగేనంది. ఆ వెంటనే అడిగింది.

"తమ్ముడు పక్కనే ఉన్నాడా? వాణ్ని కంగారు పడొద్దనండి."

చెబుతానన్నాడు మేస్త్రి. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా జవాబు రాలేదు.