దీవెన చెప్పిన మాట

ఈస్టరుకి ముందొచ్చే శ్రమకాలం మొదలయ్యాక మొదటి ఆదివారం, చర్చిలో పాస్టరు అయ్యగారు ఒక మాటన్నారు. "ఈ నలభై దినాలూ మాంసం మానేశామని చెప్పుకోవడం గొప్ప కాదు. మీరేది మానేస్తే మీ ఇంట్లోవాళ్ళకి మేలో, వాళ్ళనే అడగండి."

ఇంటికొచ్చి అన్నాలు తింటుంటే కిరణ్ కుమార్ నవ్వుతూ కూతుర్ని అడిగాడు. దీవెనకి పదేళ్ళు. ఆ పిల్ల ఆలోచించనైనా ఆలోచించలేదు.

"ఫోన్, నాన్నా."

అతని భార్య ఆశాజ్యోతి కంచంలోంచి తలెత్తకుండా నవ్వింది. కిరణ్ కుమార్ నవ్వు మాత్రం సగంలో ఆగిపోయింది. పాలకొల్లులో రొయ్యల మేత గోడౌన్లో అతను సూపర్‌వైజరు. ఏ లోడు ఏ చెరువుకి వెళ్ళాలో, ఏ లారీ ఎక్కడ ఆగిందో చూసుకునే పనంతా ఫోన్లోనే. పనయ్యాకా అది చేతిని వదిలేది కాదు. లారీ సంగతి కనుక్కుందామని తీసి, కాసేపటికి ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ పెళ్ళి వీడియో చూస్తూ కూర్చునేవాడు. ఆశాజ్యోతి మొదట్లో పోట్లాడింది. తర్వాత తనూ ఒక ఫోను పట్టుకుని మంచానికి ఆ చివర కూర్చోవడం నేర్చుకుంది.

పూర్తిగా మానడం కుదరదని, ఆదివారాలు మాత్రం ముట్టనని ఒప్పుకున్నాడు. మరుసటి ఆదివారం ఇద్దరి ఫోన్లూ బీరువాలో పెట్టి, ముగ్గురూ బండి మీద మొగల్తూరు వెళ్ళారు. అక్కడ ఆశాజ్యోతి తల్లి సూరమ్మ ఉంటుంది. కిరణ్ కుమార్‌కి ఆవిడ అత్తగారే కాదు, సొంత మేనత్త కూడా. అత్త పెట్టిన చేపల పులుసు తిని, ఎండ తగ్గాక సముద్రానికి బయల్దేరారు.

ఒడ్డున కూర్చున్నాక కూతురితో ఏం మాట్లాడాలో అతనికి తోచలేదు. చెయ్యి ఊరికే జేబు తడుముకుంటోంది. "లెక్కలు ఎవరు చెప్తున్నారు మీకు?" అనడిగాడు. "మొన్న చెప్పా కదా నాన్నా," అంది దీవెన. చివరికి లేచి బంతాట మొదలుపెట్టాడు. ఎదురుగా విసిరితే చక్కగా పట్టుకుంటోంది. కొంచెం పక్కకి వెళ్తే చాలు, బంతి వచ్చిన సంగతే తెలియనట్టు నిలబడిపోతోంది.

"ధ్యాసెక్కడుందే నీకు?" అని కసిరాడు.

పొద్దుగూకింది. బండి పెట్టిన చోటికి సరుగుడు తోటలోంచి నడిచి వెళ్ళాలి. తోటలో అప్పుడే మసక కమ్ముతోంది కానీ దారి తెలుస్తూనే ఉంది. దీవెన తల్లి చున్నీ కొస పట్టుకుని నడుస్తోంది. పిల్లని కాస్త నవ్విద్దామని కిరణ్ కుమార్ ఆ కొస లాగేసి, "నన్ను పట్టుకో చూద్దాం!" అంటూ నాలుగడుగులు పరిగెత్తాడు.

దీవెన అడుగు ముందుకేసి, నేరుగా వెళ్ళి చెట్టుకి గుద్దుకుంది.

అతను నవ్వాడు. పిల్ల నవ్వలేదు. నుదురు పట్టుకుని, రెండో చెయ్యి గాలిలో చాపి నిలబడింది.

"నాన్నా, ఎక్కడున్నావు?"

"ఇక్కడే కదే తల్లీ, నీ పక్కనే."

"కనపడట్లేదు. ఫోన్ లైటు వెయ్యి నాన్నా."

ఫోన్ ఇంట్లో బీరువాలో ఉంది. కిరణ్ కుమార్ చెయ్యి ఆ పిల్ల చెంప పక్కగా అటూ ఇటూ ఊపి చూశాడు. రెప్ప కదలలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"ఎప్పట్నుంచో. నీకు చెప్పా కదా."

"ఎప్పుడు చెప్పావమ్మా?"

"క్రిస్మస్ స్టార్ కట్టేటప్పుడు చెప్పా. మళ్ళీ వీధిలో కరెంటు పోయినప్పుడు చెప్పా. నువ్వు ఊఁ అన్నావు." ఆ గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే.

అతను కూతుర్ని ఎత్తుకున్నాడు. బరువుగా ఉంది. కాళ్ళు అతని మోకాళ్ళ దాకా వేలాడాయి. ఈ పిల్లని ఆఖరుసారి ఎప్పుడు ఎత్తుకున్నాడో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. వెనక ఆశాజ్యోతి వెక్కుతూ నడిచింది. "సాయంత్రాలు నా కొంగు వదలకపోతే గారం అనుకున్నాను బావా. గ్లాసులు తన్నేస్తుంటే ఒళ్ళు దగ్గర పెట్టుకోమని కొట్టాను కూడాను."

మొగల్తూరు తిరిగొచ్చి సంగతి చెప్పగానే సూరమ్మ అరుగు మీద చతికిలబడింది. "రేచీకటిరా అబ్బాయ్. మా పెద్దనాన్నకీ ఇలాగే ఉండేది," అంది. ఆ పెద్దనాన్నకి తర్వాతేమైందో ఆవిడ చెప్పలేదు, వాళ్ళిద్దరూ అడగలేదు.

ఆ వారంలోనే రాజమండ్రి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరుగారు పిల్లని బయట కూర్చోబెట్టమన్నారు.

"మీది మేనరికమా అండి?"

"అవునండి," అన్నాడు కిరణ్ కుమార్.

కంటి వెనక పొర మెల్లగా పాడవుతోందని ఆవిడ చెప్పారు. ముందు చీకట్లో చూపు పోతుంది, తర్వాత పక్కనున్నవి ఆనవు, సూటి చూపు చాలా ఏళ్ళు నిలవచ్చు. ఎన్నేళ్ళంటే చెప్పలేం. తగ్గించే మందు ఇప్పటికైతే లేదు.

"ముందే తీసుకొచ్చి ఉంటే?" అనడిగాడు.

"ముందే వచ్చినా పెద్ద తేడా ఉండేది కాదండి. మీరు మనసు కష్టపెట్టుకోకండి."

ఆ మాట అతన్ని ఓదార్చలేకపోయింది. ఆ రోజులన్నీ పిల్ల ఒక్కతే చీకట్లో తడుముకుంటూ తిరిగింది.

బస్సుకి ఇంకా టైముంటే గోదావరి ఒడ్డుకి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు. నీళ్ళు బాగా తగ్గి ఇసుక మేటలు తేలి ఉన్నాయి. ఎండకి మెట్లు కాలుతున్నాయి.

"డాక్టరుగారు ఏమన్నారమ్మా?" అంది దీవెన.

"ఏం లేదన్నారు. చుక్కల మందు వేస్తే తగ్గిపోతుందట," అంది ఆశాజ్యోతి, మొహం నది వైపు తిప్పుకుని.

దీవెన తండ్రి వైపు చూసింది. పక్క చూపుతో కాదు, మొహమంతా అతని వైపు తిప్పి చూసింది. జేబులో ఫోన్ మోగుతోంది. గోడౌన్ వాళ్ళే అయ్యుంటారు. కిరణ్ కుమార్ చూడకుండానే దాని గొంతు నొక్కేశాడు.

"తగ్గదట తల్లీ. మెల్లమెల్లగా ఇంకా తగ్గుతుందట, చూపు."

"బావా!" అంది ఆశాజ్యోతి.

దీవెన మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది. "మరి ఆరో క్లాసులో బోర్డు కనపడుద్దా?"

"కనపడుతుందమ్మా."

"ఏడులో?"

"కనపడుతుంది."

"టెన్త్‌లో?"

కిరణ్ కుమార్ ఇసుక మేటల వైపు చూశాడు. పిల్ల ఎదురుచూసింది. అతనికి తెలియదని అర్థమయ్యాక కొంచెం జరిగి, తండ్రి చేతిని తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. బస్సు వేళయ్యేదాకా ముగ్గురూ అలాగే ఆ ఎండలో కూర్చున్నారు.