సగం గడ్డం

ఇరవై రెండేళ్లు మనుషులకు గడ్డాలు గీసిన చెయ్యి నాలుగు నెలలుగా బెలూన్లకు గీస్తోంది. సెలూన్ బోర్డు మీద బల్బు మారుస్తూ నిచ్చెన మీంచి పడి తలకు దెబ్బ తగిలాక, వీధంతా ‘కత్తి మాస్టరు’ అని పిలిచే పెద్దమనిషికి ఇదే కొలువు. పునరావాస కేంద్రంలో ఆయనకు నురగ పూసిన బెలూన్ ఇస్తారు. అది పగలకుండా నున్నగా గీస్తాడు. అయితే కుడివైపు మాత్రమే. ఎడమవైపు నురగ ఎక్కడిదక్కడే ఉంటుంది.

“అయిపోయిందా మాస్టారూ?” అంటుంది థెరపిస్టు అమ్మాయి.

“అద్దంలా ఉంది, చూసుకోమ్మా,” అంటాడు ఆయన గర్వంగా.

కళ్లలో దోషమేమీ లేదు. ఎడమపక్క అనేది ఒకటుందన్న సంగతే మెదడు మరిచిపోయింది. తల అటు తిప్పమని ఎవరైనా అంటే తిప్పి, చూసి, నాలిక కరుచుకుంటాడు. చెప్పేవాళ్లు లేకపోతే మళ్లీ మామూలే. ఇంట్లో కంచంలో కుడిసగం తినేసి “ఇంతేనా?” అంటాడు. భార్య కిక్కురుమనకుండా కంచాన్ని అటువైపుది ఇటొచ్చేలా తిప్పుతుంది. మారువడ్డన అనుకుని సుష్టుగా లాగిస్తాడు. పైగా వడ్డించిన చేతిని మెచ్చుకుంటాడు కూడా!

ఈ శుక్రవారం పరీక్ష. నిజమైన మనిషికి, నిజమైన గడ్డం, పక్కనుంచి ఎవరూ నోరు మెదపకూడదు. మొత్తం గీస్తే, భార్య దాచిన సెలూన్ తాళంచెవి మళ్లీ ఆయనదవుతుంది. లేకపోతే ఇంకో మూడు నెలలు బెలూన్లే. ఆ భయం పైకి చెప్పుకోలేదు గానీ, పొద్దున్నే కత్తికి మూడుసార్లు పదును పెట్టాడు.

గడ్డం ఇవ్వడానికి బావమరిది దొరికాడు. బస్సు డ్రైవరు. వారంపాటు గడ్డం పెంచుకొచ్చి, గుండ్రంగా తిరిగే కుర్చీలో కూర్చుని చేతిపిడులు గట్టిగా పట్టుకున్నాడు.

“బావా, నా మీద పాత కక్షలేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పెయ్.”

“మీ అక్కని నాకు అంటగట్టారుగా, అది చాలదూ? కదలకురా.”

థెరపిస్టు పెదవుల మీద వేలు పెట్టుకుని వెనక్కి జరిగింది. కత్తి కదిలింది. కాసేపటికి అయిపోయిందనిపించి తువ్వాలు అందుకోబోయి, ఆగాడు. మొహం నున్నగానే ఉంది. కానీ బెలూనూ ప్రతిసారీ నున్నగానే ఉండేది కదా! కంచమూ అంతే. అయిపోయిందనుకోగానే మళ్లీ నిండుగా ఎదురొచ్చేది. మరి ఏనాడూ గిన్నె మూత తీసిన చప్పుడు వినలేదే? గరిటె చప్పుడు కూడా లేదు. వినపడేదల్లా కంచం బల్ల మీద రాసుకునే చప్పుడే.

“ఓసినీ! తిప్పుతోందన్నమాట,” అనుకున్నాడు.

చేత్తో కుర్చీని నెమ్మదిగా తిప్పాడు. బావమరిది మొహంతో పాటు చెంపెడు నురగ ఎదురుగా వచ్చి నిలిచింది. గీశాడు. మళ్లీ తిప్పాడు. చెవి కింద ఇంకో మరక. అదీ గీశాడు. కుర్చీ ఒక చుట్టు తిరిగొచ్చేసరికి నురగన్నది మిగల్లేదు.

“కళ్లు తిరుగుతున్నాయి బావా. నా రూట్లో కూడా ఇన్ని మలుపుల్లేవు.”

“మాస్టారూ, కుర్చీ తిప్పమని నేను నేర్పలేదే!” అంది థెరపిస్టు ఆశ్చర్యపోతూ.

“మా ఇంట్లో నేర్పారమ్మా. ముందు మా ఆవిడకి ఫోన్ చెయ్యండి,” అంటూనే, ఈ గదిలో ఇంకేమన్నా మిగిలిందేమోనని, ఎవరూ చెప్పకుండానే తల ఎడమకు తిప్పాడు. గోడ వచ్చింది. కిటికీ వచ్చింది. కిటికీ కింద బెంచీ మీద, కళ్లనిండా నీళ్లతో భార్య.

“నువ్వెప్పుడొచ్చావే?”

“మీ వెనకాలే వచ్చాను. అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నాను, మీ పక్కనే.”

మాస్టరుకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

“ఇవాళ్టినుంచి కంచం నేనే తిప్పుకుంటాలే.”

“తెలిసిపోయిందా!” అని ముక్కు తుడుచుకుని, ఆవిడ చేతిసంచిలో తాళంచెవి వెతకసాగింది.