కాటా గదికి మినహాయింపు

మూడోసారి కూడా యంత్రం అదే జవాబు చెప్పింది. రేమండ్ కోస్కెలా కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని తెర వైపు వంగాడు. కంపెనీలో ఎవరి పాస్‌వర్డూ పద్నాలుగు అక్షరాలకు తగ్గరాదన్న నియమం నిన్ననే పెట్టాడు. అయినా ఒక ఖాతా నాలుగు అక్షరాలకే తలుపు తీస్తోంది. అది ఎవరిదో తనిఖీ ప్రోగ్రాం చెప్పడం లేదు.

బాయిలరు పక్కన, కిటికీ లేని ఆ గదిలోనే అతని ఉద్యోగ జీవితమంతా గడిచింది. అన్నీ సవ్యంగా నడిచే రోజున ఈ కలప మిల్లులో అతనొకడున్నాడని ఎవరికీ గుర్తుండదు. మోచేతుల దగ్గర అతుకులు వేసిన బూడిదరంగు స్వెట్టరు, వంగిన వీపు. రై రొట్టె మీద ఉప్పుచేప పెట్టుకుని కీబోర్డు పక్కనే తింటాడు. భార్య పోయాక ఇంట్లోనూ అలాగే నిశ్శబ్దంగా తింటున్నాడు.

మేనేజరు డెనీజ్ గుమ్మంలోంచే అడిగింది. "ఏమైంది రేమండ్ గారూ? దీనికి దెయ్యం గానీ పట్టిందా?"

"దెయ్యాలకి పాస్‌వర్డులతో పనేముందమ్మా? ఎవరో చెప్పారు, ఇది వింటోంది. ఆ చెప్పిందెవరో తేలాలి."

"సాయంత్రంలోగా తేల్చండి. ఒక్క ఖాతా తేడా ఉన్నా మిల్లుకి బీమా చెయ్యలేమని బీమావాళ్లు అంటున్నారు."

ఊహలను ఒక్కొక్కటిగా పరీక్షించి పక్కన పెట్టాడు. నియమం సరైన చోటే ఉంది. రెండు సర్వర్లూ ఒకే మాట చెబుతున్నాయి. మధ్యాహ్నం దాటాక, ఎవరూ తెరవని ఒక మూల, పెద్ద నియమాన్ని కాదనే చిన్న నియమమొకటి కనిపించింది. నాలుగు అక్షరాలు చాలు. ఎన్నిసార్లు తప్పినా ఖాతా మూతపడదు. వర్తించేది ఒక్కరికే: కాటా గదిలోని ఆర్లీన్ వుయోరికి. రాసినవారి పేరు చూశాడు. తనదే.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఆర్లీన్ చేతులకు వణుకు మొదలైన చలికాలం. తప్పు కొట్టి కొట్టి ఖాతా మూతపడేది. తూకం ఆగి దుంగల లారీలు రోడ్డు దాకా బారులు తీరేవి. ఆ వణుకుతో మిల్లులో ఆమె చెయ్యగలిగిన పని ఈ తూకం ఒక్కటే. ఎవరినీ అడగకుండా ఈ వెసులుబాటు కల్పించి, తర్వాత మరిచిపోయాడు.

"తాకిస్తే ఖాతా తెరుచుకునే కార్డొకటి కొందాం," అని డెనీజ్‌ని అడిగాడు. "ఆవిడ టైపు చెయ్యక్కర్లేదు."

"వచ్చే ఏడాది చూద్దాం. ఇవాళ మాత్రం తీసెయ్యండి."

తీసేశాడు. ఫోను చెయ్యకుండా మంచులో నడిచి కాటా గదికి వెళ్లాడు.

"ఏంటయ్యా, చావుకబురు మోసుకొచ్చినట్టు ఆ మొహం?" అంది ఆర్లీన్. అతను చెప్పాడు. "పద్నాలుగా! మా ఆయన పేరు కూడా అంత పొడుగుండదు."

ఆమె కుడి మణికట్టుకు దళసరి గుడ్డపట్టీ ఉంది. వణుకు అణచడానికి అందులో చేపల గాలానికి కట్టే సీసపు గుళ్లు కుట్టుకుంది. ఒంటివేలితో మొదలుపెట్టింది. తప్పింది. మళ్లీ తప్పింది. ఆపైన ఖాతా మూతపడింది. బయట లారీ హారను మోగింది.

"చెప్పు, నేను కొడతాను."

"ఇవాళ కొడతావ్. రేపెవరు కొడతారు?"

ఆమె లేచి కోటు తొడుక్కుంది. గుండీలు పెట్టబోతే అతని చెయ్యి తోసేసింది.

"నీ తప్పేం లేదులే. ఆ లారీ సంగతి చూడు, పాపం డ్రైవరు చలికి చస్తున్నాడు."

తలుపు మూసుకుంది. మర్నాడు గానీ, ఆ తర్వాత గానీ ఆర్లీన్ రాలేదు.

ఆమె విప్పి పెట్టిన సీసపు పట్టీ కీబోర్డు మీదే ఉండిపోయింది; దాని బరువుకు ఏదో అక్షరం నొక్కుకుపోయి, తెర మీది పాస్‌వర్డు గడిలో చుక్కలు ఒకదాని వెంట ఒకటి చేరుతూనే ఉన్నాయి.