ఎవరి తాళం వాళ్లదే

వెల్డింగు మోతలో చీమ తుమ్మినా బండబావకు వినిపిస్తుందని ఆ కార్ల ఫ్యాక్టరీ షాపులో చెప్పుకునేవారు. అందులో సగం అబద్ధం. కానీ తాళం కోసిన చప్పుడు మాత్రం అతను నిజంగానే విన్నాడు. తిరిగి చూస్తే రోబో స్విచ్చి దగ్గర సూపర్‌వైజరు, చేతిలో కట్టరు, కాళ్ల దగ్గర తెగిన తాళం.

"లోపల మనిషున్నాడయ్యా!"

కేక పూర్తయ్యేలోపే స్విచ్చి పడింది. కారు తలుపును ఎత్తినంత తేలిగ్గా రోబో చెయ్యి లేచి, ఇరుక్కున్న రేకు తీస్తున్న బండబావ బావమరిదిని ఇనప కంచెకేసి నొక్కేసింది. "బావా" అన్న పిలుపు సగమే బయటికొచ్చింది.

రోబో చుట్టూ ఉన్న కంచెలోకి దిగేవాడు స్విచ్చి ఆపి, దానికి తన తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగాలి. వాడే వచ్చి తియ్యాలి. అంతవరకూ యంత్రం కదలకూడదు. స్విచ్చి దగ్గర కాపలాకి ఒక మనిషి కూడా ఉండేవాడు. కొత్త రోబోలు రాగానే అతన్ని ఇంటికి పంపేశారు.

ఒకప్పుడు ఆ షాపులో ఇసకేస్తే రాలనంత జనం. మొదటి రోబో వచ్చినప్పుడు దాని చెయ్యి పట్టుకుని అతుకులు నేర్పింది బండబావే. "మేనల్లుడికి అక్షరాలు దిద్దిస్తున్నా" అని మురిసిపోయాడు కూడా. మేనల్లుడు పలక పక్కన పడేసి మేనమామల కంచాలు లాక్కున్నాడు. లాగిన చెయ్యి రోబోదైనా, లాగించింది యజమాని అని తెలియడానికి ఒక చావు కావలసి వచ్చింది.

మర్నాడు మేనేజరు అందరినీ క్యాంటీన్లో నిలబెట్టాడు. "పాపం, తాళం వేసుకోవడం మరిచిపోయాడు. పదండి, లైను మొదలెట్టండి."

అతను వెళ్లగానే క్యాంటీను కందిరీగల తుట్టె అయింది.

"సమ్మె చేద్దాం!" అన్నాడు ఫిట్టరు.

"చేసి గేటు బయట కూచో," పక్కనున్న రంగులషాపులో పనిచేసే అక్క కసిరింది. "నీ సమ్మె రోబోకేం పట్టిందిరా? దానికేమన్నా ఆకలా, పిల్లలా?"

బండబావ తలెత్తాడు. "ఆకలి లేదు గానీ, స్విచ్చి ఉంది కదమ్మా."

షాపులో మిగిలినవాళ్లంతా స్విచ్చికి తమ తాళాలు వేశారు. చోటు చాలక తాళానికి తాళం తగిలించారు. అది అరటిగెలలా వేలాడింది. ఆ బరువుకి గోడ ఒరిగిందని ఇప్పటికీ అంటారు. అందులోనూ సగం అబద్ధమే. తర్వాత అందరూ కంచెలోకి దిగి, ఆగిన ఇనప చేతుల కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

మేనేజరు పోలీసులతో వచ్చాడు. సూపర్‌వైజరు చేతికి కట్టరిచ్చి "కొయ్యి" అన్నాడు.

"కొయ్యవయ్యా, అలవాటున్న పనేగా," అన్నాడు బండబావ లోపల్నించి. "ఈసారి ఎంతమంది మరిచిపోయామని చెప్తారో, అదొక్కటి ముందే అనుకోండి."

కట్టరు సూపర్‌వైజరు చేతిలోంచి జారిపోయింది. లాఠీలు లేచాయి. బండబావ నుదురు చిట్లింది. అతన్ని ఈడ్చుకెళుతుంటే, ఖాళీ అయిన చోట రంగులషాపు అక్క వచ్చి కూర్చుంది. ఆమె వెనక ఆమె షాపంతా దిగింది.

గేటు బయట పోలీసు బండి దగ్గర బండబావ భార్య నిలబడి ఉంది. తమ్ముణ్ణి మట్టిలో పెట్టి వచ్చిన చెప్పులే కాళ్లకున్నాయి. ఆమె పక్కన కాలనీ ఆడవాళ్లు.

"ఇల్లు తీసిపెట్టి వచ్చావుటే?" అన్నాడు నెత్తురు తుడుచుకుంటూ.

ఆమె చెంగు విప్పి ఇంటి తాళంకప్ప చూపించింది. వెనకున్న ఆడవాళ్లందరి చేతుల్లోనూ ఇంటి తాళాలే.

"కబుర్లు తర్వాత. ఆ స్విచ్చి ఎటుందో చెప్పు ముందు."