అమ్మ వంగని సలాం

నూనెలో వేయించే బోర్సోక్ రొట్టెముక్కలకి పిండి ఈమధ్య నేనే పిసుకుతున్నాను. అమ్మ తల కిందికి వంచకూడదు. కుడికంట్లో శుక్లం తీసి కొత్త లెన్స్ పెట్టారు. అమ్మ మా చక్కెర దుంప పొలాల మీద మందు చల్లే చిన్న విమానం నడుపుతుంది. వసంతం వచ్చేలోపు మెడికల్ బోర్డు ఆమె కళ్ళు చూసి, ఎగరొచ్చో లేదో తేలుస్తుంది. లెన్స్ కాస్త పక్కకి జరిగినా అంతే సంగతులు.

నాన్నకి ఆ బెంగ లేదు. "ఎగరకపోతే ఏం? పిండి ముద్ద కనబడేంత చూపు చాలుగా" అని నవ్వుతాడు. జోకే అనుకుంటాను. అమ్మ మాత్రం నవ్వదు. నీళ్ళ బకెట్లకీ, నేల తుడవడానికీ, పొయ్యిలో బొగ్గు వేయడానికీ రోజుకి ఎన్నిసార్లు వంగాలో నా నడుముకి ఇప్పుడే తెలిసింది. విమానంలో అమ్మని చూడ్డానికి బడి ఎగ్గొట్టిన దాన్ని, బకెట్ మోస్తున్న అమ్మని ఒక్కసారీ ఆగి చూడలేదు.

ఈరోజు నాన్నకి పెదనాన్న, సాతర్ తాత వచ్చాడు. మేనత్తలూ వచ్చారు. మావాళ్ళలో పెద్దలొస్తే కోడళ్ళు మోకాలి మీద చేతులుంచి, తల వంచి మూడుసార్లు సలాం చేయాలి. అమ్మకి నలభై ఆరేళ్ళు. అయినా కోడలే.

"మూడే మూడుసార్లు. కన్నేం రాలిపడదు, నా పరువు తీయకు" అని నాన్నమ్మ గొణిగింది.

"డాక్టర్ వద్దన్నాడు అత్తయ్యా. బోర్డుంది."

"బోర్డు పెద్దదా, మామ పెద్దా?"

నాకేమయిందో, నేనే ముందుకెళ్ళి మోకాలి మీద చేతులుంచి వంగాను. పుట్టింట్లో ఆడపిల్ల ఇలా వంగడం ఎవరూ ఎరగరు. మేనత్తలు పగలబడి నవ్వారు. "అయ్యో సయ్కల్! అప్పుడే అత్తగారిని వెతుక్కుంటున్నావటే?"

చెవులు కాలిపోయాయి. రెండోసారి వంగబోతే అమ్మ నా జబ్బ పట్టుకుని నిలబెట్టింది. తర్వాత తాత వైపు తిరిగి, "మామయ్యా, నిలబడే సలాం చెప్తున్నాను. బాగున్నారా?" అంది.

తాత గడ్డం నిమురుకున్నాడు. "పైలట్ కోడలు కదా! మనమే తలెత్తి చూడాలి" అన్నాడు. వెక్కిరించాడో, మెచ్చుకున్నాడో తెలియలేదు. నేనైనా ఎందుకు వంగాను? అమ్మ కంటి కోసమా, నాన్నమ్మ పరువు కోసమా? అదీ తెలియడం లేదు.

చుట్టాలు వెళ్ళాక అమ్మ కంట్లో చుక్కలు వేయడానికి మందుల డబ్బా తీశాను. అడుగున ఆస్పత్రి కాగితం ఉంది. తల వంచకుండా ఉండాల్సింది మూడు వారాలట. ఆపరేషన్ రోజు నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టాను. మళ్ళీ పెట్టాను. గడువు అయిపోయి నాలుగు రోజులైంది.

"అమ్మా, నువ్వు ఇది చూడలేదా?"

అమ్మ కాగితం అందుకుని మడతపెట్టి, జేబులో పెట్టుకుంది.

"చూశాను. రేపట్నుంచి ఎవరూ చూడనప్పుడు బకెట్లు నేనే మోస్తాను, నువ్వు చదువుకో. మిగతావాళ్ళకి మాత్రం, నా కన్ను ఇంకా పచ్చిగానే ఉంది."