తెల్లతోలు మీద మరక

నొప్పి ఉన్నన్నాళ్లే నయం అనుకుంటోంది ఒదిలియా. నొప్పంటే చెయ్యి మాట్లాడుతున్నట్టు. ఒకప్పుడు మణికట్టు దగ్గర మొదలై మోచేతి దాకా పాకేది. తిట్టుకుంటూ లేచి చల్లనీళ్లలో ముంచుకునేది. ఇప్పుడు ఏమీ లేదు. ఎడమచేతి మూడు వేళ్లు ఎవరివో తెచ్చి అతికించినట్టు ఊరికే ఉన్నాయి. సూది ఎక్కడుందో కళ్లతో చూసి తెలుసుకోవాలి. వేళ్లు చెప్పవు.

చెక్కపట్టులో బంతి బిగించి ఉంది. ఊలుదారం చుట్టిన గుండు మీద, ఎనిమిది అంకెలా కోసిన రెండు తెల్లతోలు ముక్కలు. చేతికొక సూది, మైనం పట్టించిన ఎర్రదారం. ఈ రంధ్రంలోంచి ఒకటి, ఆ రంధ్రంలోంచి ఒకటి గుచ్చి, రెండు చేతులూ బార చాచి లాగాలి. అలా నూటెనిమిది కుట్లు, అన్నీ ఒకే బిగువున. చివర దారం కొస తోలు కిందికి దూర్చేశాక, ఎక్కడ మొదలుపెట్టారో ఎక్కడ ఆపారో చూసేవాళ్లకి అంతు చిక్కకూడదు. వాళ్ల ఊరు తుర్రియాల్బాలో ఈ బేస్‌బాల్ ఆట ఆడేవాడు ఒక్కడూ లేడు. అందరూ ఫుట్‌బాలే. అయినా ఊళ్లో సగం ఇళ్లలో పొద్దున్నే తాగే బెల్లంనీళ్లు కాగేది ఈ కుట్ల కూలి మీదే.

"ఏంటక్కా, రెక్కలు బరువెక్కాయా?" అంది పక్క బల్ల మీది యమిలెత్. "ఇన్నేళ్లు ఆడించాం, ఒక్కనాడైనా ఎగిరామా?"

ఒదిలియా నవ్వినట్టు మూతి కదిపింది. ఆ పిల్లకి పని నేర్పింది తనే. ఇవాళ పొద్దున ఆ పిల్ల మంచినీళ్లకి లేచినప్పుడు, తను కుట్టిన ఒక వదులు బంతిని ఆ పిల్ల బుట్టలో జారవిడిచిందీ తనే.

ఒదిలియా బంతి ఇంకొకటి తనిఖీలో వెనక్కొస్తే, మేస్త్రి డాన్ ఎవెలియో డాక్టరు దగ్గరికి పంపుతానన్నాడు. డాక్టరుకి చెయ్యి చూపించుకున్నవాళ్లు మళ్లీ ఈ బల్ల ముందు కూర్చున్నది లేదు. యమిలెత్ బుట్టలోంచి ఇంతవరకూ ఒక్క బంతీ వెనక్కి రాలేదు. ఏటిలో గులకరాయి వేస్తే ఏటికేం నొప్పి, అని సర్దిచెప్పుకుంది. పొద్దుటి నుంచీ అదే మాట తిప్పితిప్పి చెప్పుకుంటోంది. నిజమైతే ఒక్కసారి చెప్పుకుంటే చాలు కదా.

డాన్ ఎవెలియో వచ్చి ఒక బంతిని ఇద్దరి బల్లల మధ్య పెట్టాడు.

"యమిలెత్, ఇది నీ బుట్టలోది. కుట్టు వదులైతే వదులైంది. ఇదేంటి?"

కుట్టు పక్కన కందిగింజంత మరక. నెత్తురు.

ఒదిలియా తన ఎడమచేతి వేళ్లకేసి చూసుకుంది. ఉంగరంవేలి కొసన ఎండిన చుక్క. సూది ఎప్పుడు దిగిందో తెలియలేదు. మెల్లగా పిడికిలి మూసింది.

ఎవరి నెత్తురు వాళ్ల ఉమ్ముకే పోతుందని ఆ గదిలో అందరికీ తెలుసు. కొత్తగా చేరినవాళ్లకి సూది పట్టడం కంటే ముందు నేర్పేది అదే.

"ఉమ్మి తుడువు. ఎవరిదో తేలిపోతుంది" అన్నాడు డాన్ ఎవెలియో.

"మీరే తుడవండి సారూ," అంది వెనక వరసలోంచి ఎవరో. "మా దగ్గర పీల్చింది ఎక్కడో అక్కడ కారాలిగా."

కిసుక్కుమన్నారు. యమిలెత్ వేలు తడిచేసి రుద్దింది. మరక కదల్లేదు. ఇంకోసారి రుద్దింది. ఆ తర్వాత బొటనవేలు కుట్టు వెంబడి నడిచి, దారం కొస దాగినచోట ఆగింది. కొసని ఎడమకి ఒక మెలిక వేసి దూర్చడం ఆ గదిలో ఇద్దరికే తెలుసు. నేర్పినావిడకి, నేర్చుకున్నదానికి. నేర్చుకున్నది రెండేళ్ల కిందటే ఆ మెలిక మానేసింది.

యమిలెత్ తలెత్తలేదు.

"నా బుట్టలో దొరికింది కదా. నాదే అనుకోండి."

"ఉమ్ముకి పోలేదుగా."

"ఎండిపోయింది. పోదు."

"అయితే లే. డాక్టరుకి చెయ్యి చూపించుకుని రా."

యమిలెత్ సూదులు రెండూ మైనంముద్దలో గుచ్చింది. తొందరపడకుండా, ఒకదాని పక్కన ఒకటి. ఇది మంచితనమా, శిక్షా? తన ముఖం చూడకపోవడం జాలా, అసహ్యమా? ఒదిలియా తేల్చుకోలేకపోయింది. జాలైతే భరించలేదు. అసహ్యమైతే బతకగలదు. తేల్చుకునేలోపే ఆ పిల్ల కుర్చీ వెనక్కి జరిగింది. గచ్చు మీద గీరుకున్న చప్పుడు. ఒదిలియా ఎడమచెయ్యి ఆ చప్పుడుని కూడా పట్టించుకోకుండా ఒళ్లో పడి ఉంది, నిద్రపోయిన పరాయిపిల్లలా.

ఆమె ఆ చేతిని కుడిచేత్తో ఎత్తింది. ఉంగరంవేలు నోట్లో పెట్టుకుంది. మైనం రుచి, ఇనుము రుచి. తడివేలిని అందరూ చూస్తుండగా తీసుకెళ్లి మరక మీద ఆనించి, రుద్దడం మొదలుపెట్టింది.